వెర్లిన్ తొడిగే చొక్కా

నెబ్రాస్కాలో కుర్రాళ్ల బేస్‌బాల్ ఎక్కడ జరిగినా, కంచె వెనక మడతకుర్చీలో పొద్దుతిరుగుడు గింజలు నములుతూ వెర్లిన్ కుసెరా కనిపిస్తాడు. పెద్ద జట్టుకి ఆటగాళ్లను వెతికిపెట్టడం ఆయన ఉద్యోగం. పెద్ద జట్లు కొత్త కుర్రాళ్లను పేరు చదివి ఎంచుకునే డ్రాఫ్ట్ ఏటా జరుగుతుంది; దాని చివర్లో, జట్టుకి తీసుకునే ఉద్దేశమే లేని పేర్లు కూడా చదివించడం ఆయన దయాగుణం. పేరు చదవగానే ఆ ఇంటికెళ్లి, జట్టు చొక్కా స్వయంగా కుర్రాడికి తొడిగి, భుజాలు సర్ది, "ఫోను దగ్గరే ఉంచుకో బాబూ" అంటాడు. వాళ్లు పెట్టిన చెర్రీపళ్ల కేకు మొహమాటపడకుండా రెండు ముక్కలు తింటాడు.

ఈ జూలైలో ట్రెంట్ అనే కుర్రాడికీ అలాగే తొడిగాడు. ఫోను కోసం చూస్తూ ట్రెంట్, చోటిస్తామన్న కాలేజీ జట్టుకి జవాబివ్వలేదు. వాళ్లు అతని చోటు ఇంకొకడికిచ్చేశారు. ఫోను మాత్రం రాలేదు. సెప్టెంబర్‌లో అతని తల్లి జోలీన్ చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, కంచె వెనక వెర్లిన్ కుర్చీ దగ్గరికి తెచ్చింది.

"అయ్యో, గుర్తుగా ఉంచుకోండమ్మా."

"వద్దులెండి. ఉతుకుతుంటే కాలరు లోపల ఎవరో డస్టిన్ పేరు కనిపించింది. కింద మావాడి పేరూ రాశాను. ఇంకొకడికి చోటుంది."

వెర్లిన్ కాలరు తిప్పి చూశాడు. నిజంగానే చోటుంది. మడత చెడకుండా కారు డిక్కీలో పెట్టుకున్నాడు.