కుట్టులో వదిలిన గుడ్డ

ఆర్థిక చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఎవరింటికి వెళ్లినా, కూర్చోకముందే ఆ ఇంటి పిల్లల బట్టల అంచు తిరగేసి చూస్తారు. "చూశారా, లోపల వేలెడు గుడ్డ కూడా వదల్లేదు! పెరిగే పిల్లకి కుట్టాల్సిన గౌనా ఇది?" అని కళ్లజోడు నుదుటి మీదికి తోసి అందుకుంటారు. సామ్రాజ్యాలు శత్రువుల వల్ల కూలలేదట. కొత్త రేవులు కట్టడం, నరికిన అడవిని మళ్లీ పెంచడం మానేసి, ఉన్నదంతా ఊడ్చుకు తిన్నప్పుడే కూలాయట. "మన నాగరికతా ఆ దారిలోనే ఉంది. రేపనేది ఉందనుకునేవాడు ఇలా కుడతాడా?" పక్కనే కూర్చున్న భార్య మాత్రం, "ప్రపంచం మునిగేలోపు కాఫీ చల్లారిపోతుంది, తాగండి" అంటుంది.

మొన్న పెద్ద జబ్బు చేసి లేచాక ప్యాంట్లన్నీ జారిపోతుంటే ఇద్దరూ దర్జీ దగ్గరికి వెళ్లారు. దర్జీ ఆయన నడుం వెనక వదులైన గుడ్డని గుప్పిట్లో పట్టుకుని, "ఇంత మిగులుతోంది మాస్టారూ, కత్తిరించెయ్యనా?" అన్నాడు. మాస్టారు అద్దంలో తన మెడ ఎముకల్ని చూసుకున్నారు.

"వద్దొద్దు, లోపలికి మడిచి కుట్టు" అన్నారు గబగబా. "మళ్లీ ఒళ్లు చేస్తానేమో, ఎవరు చూడొచ్చారు!"