మూడో బండ

బస్సు ఎక్కలేని డ్రైవర్ని మీరెప్పుడూ చూసి ఉండరు. నేనే ఆ ఘనుణ్ణి.

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి ఇరవై ఎనిమిదేళ్లు ప్రైవేటు బస్సు తోలాను. క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. పని మానేసిన రెండో ఏడు, ధర్మవరంలో ఉన్న అక్కను చూసొద్దామని హిందూపురం బస్టాండుకు పోయాను. జనం ఎక్కే తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని అలవాటు ప్రకారం ఎడమ కాలు మెట్టు మీద వేశాను. డ్రైవరు తలుపు అవతలి పక్క ఉంటుంది. అక్కడ ఎడమ కాలు ముందు పెట్టి, కుడి కాలు లోపలికి విసిరితేనే సీట్లో పడతాం. ఇన్నేళ్లూ నాకు తెలిసిన ఎక్కడం అదొక్కటే. ఆ రోజు ఎడమ మోకాలు నా బరువు మోయనని మొండికేసింది. సగం లేచినవాణ్ణి వెనక్కి వచ్చి నేల మీద కూలబడ్డాను. టీ అంగడి వాళ్లు చూశారు, పూలమ్మేవాళ్లు చూశారు, నా పాత కండక్టరు కూడా చూశాడు. నన్ను లేపుతూ, "ఏమప్పా, బండి స్టార్ట్ కాలేదా?" అన్నాడు. తమాషాకే అన్నాడు గానీ నాకు తల తీసేసినట్టయింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఇల్లు కదల్లేదు. అక్క ఫోన్ చేస్తే ఎండలని ఒకసారి, వానలని ఒకసారి చెప్పాను. మా ప్రాంతంలో వానల సాకు ఎవరు నమ్ముతారు! "ఇట్లే కూకుంటే కుర్చీకి వేర్లొస్తాయి" అని నా భార్య గొణిగేది. "నా కాలు, నా ఇష్టం" అని నేను ఎగిరేవాణ్ణి. కోపం నాకు మొదటినుంచీ ముక్కు మీదే ఉంటుంది. చివరికి ఆమే ఆటో పిలిచి, నన్ను అందులోకి తోసి, కాళ్లకు వ్యాయామం చేయించే ఒక అమ్మాయి దగ్గరికి తీసుకుపోయింది.

ఆ అమ్మాయి మోకాలు వంచి చూసింది. "ఇంకొన్ని నెలలు ఇట్లే కూర్చుంటే ఈ కాలు పూర్తిగా బిగుసుకుపోతుంది సార్. అప్పుడు బస్సు సంగతి దేవుడెరుగు, గడప దాటేది కూడా కష్టమే" అంది. ఎత్తయిన బల్ల మీద కాళ్లు వేలాడేసి కూర్చోమంది. "ఒక కాలు ముందుకు చాపండి. పది లెక్కపెట్టండి. మెల్లగా దించండి. ఇప్పుడు రెండోది."

రెండోసారి చాపేసరికి చటుక్కున గుర్తొచ్చింది. ఈ పని నేను ఎన్ని వందలసార్లు చూశానో! బస్సు ముందద్దంలోంచి చూశాను. చూసి నవ్వాను కూడా.

పెనుకొండకు కొంచెం ఇవతల, కొండ కనిపించే మలుపు దగ్గర ఒక అవ్వ మా బస్సెక్కేది. ధర్మవరంలో మగ్గాలున్న వీధుల్లో గంపలో కూరాకు పెట్టుకుని అమ్మేది. రెండు మోకాళ్లూ నొప్పే, కుడిది మరీ. బస్సు కోసం కాచుకుని రోడ్డు కింద కాలువకు కట్టిన మోరీ గోడ మీద కూర్చుని, ఒక కాలు చాపి, ఆపి, దించి, మళ్లీ రెండోది చాపేది. "ముసలితనంలో ఊయలాట చూడప్పా" అని కండక్టరూ నేనూ ఇకిలించేవాళ్లం. ధర్మవరంలో దిగేటప్పుడు వెనక్కి తిరిగి, బస్సుకే ముఖం పెట్టి, ఒక్కో మెట్టే దిగేది. నేను హారన్ మోగించి, "ఏమవ్వా, బావిలోకి దిగుతాండావా?" అని అరిచేవాణ్ణి. "దిగేది నేను కదప్పా, నీకేమిటికి నొప్పి?" అనేది.

ఒక మాట చెప్పుకోవాలి. మా బస్సులు జనం నిలబడిన చోట ఆగవు. పది గజాలో ఇరవై గజాలో ముందుకు పోయి ఆగుతాయి. జనం ఉరికొచ్చి ఎక్కితే టైం కలిసొస్తుందని మా లెక్క. మెట్టు ఎత్తు అందని ఆ అవ్వ స్టాపులో ఒక చదును బండ వేసుకుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఏ రోజూ దాని దగ్గర ఆపలేదు. ఇప్పుడు ఆ బల్ల మీద కూర్చుని కాలు చాపుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

నెల రోజులు అవ్వ చేసినట్టే చేశాను. కాలు కొంచెం మాట విన్నది. బస్సు మెట్టెక్కే ధైర్యం మాత్రం రాలేదు. ఒక ఉదయం కర్ర పట్టుకుని, షేర్ ఆటోలు మారుతూ ఆ మలుపు దగ్గర దిగాను. అవ్వ ఉందో లేదో తెలియదు. ఉంటే ఎనభై దాటి ఉండాలి.

ఉంది! అదే మోరీ గోడ, అదే గంప. కాళ్లు ఊపుతూ ఉంది. దేవుడి విగ్రహం ముందు కూడా నేనంత బిత్తరపోయి నిలబడలేదు.

"ఏమప్పా హారన్ డ్రైవరూ, బతికే ఉండావా?"

"ఆ మాట నేనడగల్ల కదవ్వా." పక్కన కూర్చుని నా మోకాలి కథంతా చెప్పాను. బస్టాండులో పడింది కూడా దాచలేదు. ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, నా నోరు పాడుగాను! నువ్వు దూరం పోయి నిలిపినప్పుడల్లా, వీని మోకాల్లు ఇరగా అని తిట్టుకుంటి. తగిలిందేమో!"

ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. తర్వాత అడిగాను. "ఈ కాళ్లు చాపేది నీకు ఎవరు నేర్పిరవ్వా?"

"ఎవురు నేర్పుతారు? గొర్లు. నా వయసంతా గొర్ల ఎనకాలే పాయ. గొర్రెకు కాలు పట్టేస్తే మేము పండుకోనీము. పండుకుంటే ఇంక లెయ్యదు. ఎనకాల మెల్లగా నడిపిస్తాము. కుంటి గొర్రె గట్టు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందేస్తాది, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు దించుతాది. దానికి ఏ డాక్టరు చెప్పినాడప్పా?"

నేను ఎక్కింది నొప్పి కాలితో! చదువుకున్నానని, వేల మందిని ఊరు చేర్చానని మురిసిపోయినవాణ్ణి. గొర్రెకున్న తెలివి నాకు లేకపోయింది.

అప్పుడు చూశాను. మోరీ దగ్గర ఆమె పాత బండ ఉంది. పది గజాల అవతల ఇంకొకటి ఉంది. దానికి అవతల, తుమ్మచెట్టు దగ్గర మూడోది.

"అవన్నీ ఏందవ్వా?"

"నీకోసరం పెట్టినేవే. నువ్వు యాడ నిలుపుతావో నీకే తెల్దు కదా! మూడు తావులు చూసి పెట్టుకుంటి."

"ఎవరు మోసినారు?"

"మోసేదేంది? బస్సొచ్చే లోపల కట్టెతో దొర్లిస్తాంటి. దినానికి జానెడు. ఆ కడపటి దానికి ఎండాకాలమంతా పట్టె."

నేను టైం కోసం ముందుకు పోయిన ప్రతి గజమూ, ఆమె ఆ మోకాళ్లతో, ఆ బండతో, రోజుకు జానెడు జరిగింది. డ్రైవరు సీట్లోంచి ఎడమపక్క నేల కనబడదు. కనబడినా నేను చూసేవాణ్ణి కాదు.

"తప్పయిందవ్వా" అన్నాను.

"తప్పే మరి" అంది ఆమె. "లెయ్యి, బస్సొస్తాండాది."

వచ్చింది. మమ్మల్ని దాటి, రెండో బండ దాటి, సరిగ్గా తుమ్మచెట్టు దగ్గర ఆగింది. కుర్ర డ్రైవరు, బండి ఆపడంలో మా జాతే. ఇద్దరం కుంటుకుంటూ పోయాం. హారన్ మోగింది.

"నీ బండ కాడే నిలిపినాడు, ఎక్కు" అంది అవ్వ. "మంచి కాలు."

మూడో బండ మీద నిలబడి కడ్డీ పట్టుకున్నాను. ఎడమ కాలు తనంతట తానే లేవబోయింది. వద్దని దించి, కుడి కాలు మెట్టు మీద పెట్టాను. నొప్పి కాలు బుద్ధిగా వెనకే వచ్చింది. లోపల ఉన్నాను! అక్క ఇంటిదాకా పోగలను!

హారన్ మళ్లీ మోగింది. నేను డ్రైవరు వైపు తిరిగి, ఇరవై ఎనిమిదేళ్ల గొంతుతో అరిచాను. "నిలుపప్పా! అవ్వ ఎక్కుతాండాది. ఆమె కూకునేదాకా బండి కదిల్తే చూడు!"

కింద అవ్వ ఏమీ తొందరపడలేదు. గంప నా చేతికందించి, మంచి కాలు ముందు పెట్టింది.