రాజమ్మత్త చాపిన చేతులు

మాది చిత్తూరు. పక్కింటి రాజమ్మత్త మనవరాలిని ఉయ్యాలలో వేసిన రోజు బిడ్డ కోసం చేతులు చాపాను. ఆమె అడ్డం వచ్చి, "పిల్లల్లేనిదానివి, బిడ్డను ముట్టుకోవాకమ్మా!" అంది అందరి ముందూ.

మొన్న వేసవిలో వాళ్ల పెరట్లోంచి కేకలు వినిపించాయి. మామిడిపండ్లు నానబెట్టిన టబ్బులో బిడ్డ తలకిందులుగా పడిపోయిందట. ఊపిరి లేదు. నీళ్లు కక్కించాలని రాజమ్మత్త బిడ్డను కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పుతోంది. లాక్కున్నాను. 108కి ఫోన్ చేయమని అరిచి, నేను పనిచేసే పిల్లల బడిలో బొమ్మ మీద నేర్పినట్టే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాను. నోరూ ముక్కూ కలిపి నా నోటితో మూసి మెల్లగా ఊదాను. రెండు వేళ్లతో రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా నొక్కాను. ఊదుతూ, నొక్కుతూ ఉండగా బిడ్డ దగ్గి కెవ్వుమంది.

బిడ్డ మొదటి పుట్టినరోజుకు పిలవడానికి రాజమ్మత్తే వచ్చింది.

"వస్తా అత్తా. ఆ పొద్దు ఆ మాట యాడ అన్నావో ఆడనే, అంతమంది ముందర, నీ చేత్తోనే బిడ్డను నా ఒళ్లో పెట్టాల."

పెట్టింది. కాసేపటికి తిరిగి తీసుకోవాలని చేతులు చాపింది. నేను ఇవ్వలేదు. బిడ్డకు ఊపిరి వచ్చిన క్షణం కన్నా, ఖాళీగా చాపిన ఆ చేతులే నాకు ఎక్కువ గుర్తు.