అవతలి వైపు నుంచి జవాబు

ఆస్పత్రిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని నర్సులంతా వైర్లన్న అంటారు. ఎవరు పిలిచినా వచ్చి, ముందు మోకాళ్ల మీద కూర్చుని డబ్బా వెనక పచ్చదీపం చూస్తాడు. కేబుల్ పీకి, కొసను చొక్కాకి తుడిచి, టక్కుమనేదాకా మళ్లీ నొక్కుతాడు. తర్వాత పక్క వార్డు కంప్యూటర్‌కి నాలుగు పిలుపులు పంపి, వచ్చే జవాబులు వేళ్ల మీద లెక్కపెడతాడు. నాలుగూ వస్తేనే, కంప్యూటర్‌ని మిగతావాటితో కలిపే నెట్‌వర్క్ కార్డు బాగున్నట్టు.

ఆ రోజు రెండో అంతస్తు నర్సు, "ఈ కంప్యూటర్‌లోనే టెస్ట్ చేశానన్నా, కార్డు బాగుందనే చూపించింది" అంది.

"దాన్నే అడిగితే ఏం చెప్తుంది తల్లీ? తన కంపు తనకింపు. కార్డు చచ్చినా బాగున్నాననే అంటుంది. అవతలివాళ్లు పలకాలి."

పంపిన నాలుగు పిలుపుల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. కార్డు మార్చి, బల్ల అంచు పట్టుకుని లేచాడు. ఏసీ గదిలోనూ మెడ మీద చెమట. ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

"పొద్దుట్నుంచీ ఆ భుజం వదలట్లేదు నువ్వు. కింద ఈసీజీ తీయించుకో అన్నా, ఐదు నిమిషాల పని."

"నా ఒళ్లు నాకు తెలీదా? బాగానే ఉంది."

సంచీ తగిలించుకుని మెట్ల వైపు వెళ్లాడు. పదేళ్లుగా ఎక్కడా మరిచిపోని స్క్రూడ్రైవర్ బల్ల మీదే ఉండిపోయింది. అది చూసి నర్సు ఫోన్ చేసింది. మెట్ల మలుపులోంచే ఆయన ఫోను మోగడం వినిపించింది. ఒకసారి, రెండుసార్లు, మూడు, నాలుగు. ఎత్తలేదు.