మూడు మేకులు, ఒకే పటం

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. నా ఎడమ మోకాలి మీద ఒట్టు. ఒంట్లో నా మాట వినని భాగం అదొక్కటే, కాబట్టి నా తరఫున అబద్ధం చెప్పదు.

కొన్నేళ్లు నేను జనగామలో ఒక ప్రైవేటు దవాఖానలో కాగితాల పని చూశాను. దానికి మహబూబాబాద్‌లో ఒక బ్రాంచి, భూపాలపల్లిలో ఒక బ్రాంచి. మూడింటికీ యజమాని ఒక్కరే, మా డాక్టరు సారు. ఆయన లెక్కలో నర్సు అంటే తెల్ల బూట్లు. ఊడ్చే ఆయమ్మ చీపురు పట్టినంతసేపు చెప్పులతో ఉండేది, సూది పట్టాల్సి వస్తే బూట్లు తొడుక్కునేది.

మూడు దవాఖానల్లో కలిపి నర్సింగ్ చదివి, పేరు నమోదు చేయించుకున్న అమ్మాయి ఒక్కతే. పాలకుర్తి దగ్గర పత్తి పండించేవాళ్ల బిడ్డ. ఆమె చేరిన రోజే సారు ఆమె అసలు సర్టిఫికెట్ తీసుకుని పటం కట్టించారు. మూడు ఊళ్లలో మూడు గోడలకు ఒకే ఎత్తులో మేకులు కొట్టించారు. పటం మాత్రం ఒక్కటే. తనిఖీ ఎక్కడుంటే అక్కడికి నేను దాన్ని సంచిలో పెట్టుకుని బస్సులో పోయేవాణ్ని. పటం వెనకాలే ఆమె.

వరంగల్‌ను విడదీసి కొత్త జిల్లాలు చేసినప్పుడు పాలన జనానికి దగ్గరైందని అందరూ అన్నారు. మా సారుకైతే ఒక నర్సు ముగ్గురైంది. ఏ జిల్లా అధికారి ఆ జిల్లా గోడే చూస్తారు, పక్క జిల్లా మేకుతో వాళ్లకేం పని? జనగామలో ఆ అమ్మాయి కాన్పు దగ్గర నిలబడి ఉన్న గంటలోనే భూపాలపల్లి రిజిస్టరులో ఆమె పేరున పదకొండు సెలైన్లు ఎక్కిన రోజులున్నాయి.

ఇంతలో ఆమెకు సర్కారు దవాఖానలో నౌకరీ వచ్చింది. అసలు కాగితాలు చూపించాల్సిన రోజుకు ముందురోజు పొద్దున్నే సారు గదిలోకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

"సార్, రేపు హైదరాబాద్‌ల ఒరిజినల్ చూపియ్యాలె. లేకుంటే నౌకరి పోతది."

"రెండేండ్లకు బాండు రాసినవ్ గదమ్మా. జిరాక్స్ తీస్కపో."

"జిరాక్స్ ఒప్పుకోరు సార్."

"ఒప్పుకోకుంటే పాయె. ఇక్కడ నీకేం తక్కువ? మూడు దవాఖానలు నీ పేరు మీదనే నడుస్తున్నయ్."

"గదే నా భయం సార్. నేను వెయ్యని సూదికి ఎవలకన్న ఏమన్న అయితే నా పేరే రాస్తరు."

సారు జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. ఆ రోజే మూడు జిల్లాల్లో తనిఖీ. జనగామలో తొమ్మిదింటికి, మహబూబాబాద్‌లో మధ్యాహ్నం, భూపాలపల్లిలో సాయంత్రం.

బస్సులతో అయ్యే పని కాదని సారు అంబులెన్సు ఇచ్చారు. జనగామ గోడ తనిఖీ కాగానే పటాన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, బెల్టు బిగించి, దుప్పటి కప్పాం. సైరన్ మోగింది. పాలకుర్తిలో ఆటోలన్నీ పక్కకు జరిగాయి. బండి నెమ్మదించినప్పుడు ఒక అవ్వ కిటికీ దగ్గరికొచ్చింది.

"ఎవలికేమైంది బిడ్డా?"

"కాగితానికి, అవ్వా" అన్నది నర్సు.

మహబూబాబాద్‌లో అధికారి గోడను చూశారు, నర్సును చూశారు, చాయ్ తాగి 'అంతా సక్రమం' అని రాశారు. మళ్లీ సైరన్.

పరకాలలో చాయ్ కోసం ఆపినప్పుడు నాలో మనిషి లేచాడు. పటం వెనక మేకులు పీకి, సర్టిఫికెట్ తీసి ఆమె చేతిలో పెట్టాను. "పో చెల్లె. సారు సంగతి నేను చూస్కుంట" అన్నాను. పటం ఖాళీగా ఉంటే బాగుండదని ఆమె తన నోటు పుస్తకంలోంచి ఒక పేజీ ఇచ్చింది. అది బిగించి, ఆమెను హన్మకొండ బస్సెక్కించాను.

చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు దాటాక ముందు ఒక సర్కారు జీపు పోతోంది. మా సైరన్ విని మర్యాదగా దారి ఇచ్చింది. అందులో ఉన్నది మా దవాఖానను తనిఖీ చేయడానికి వస్తున్న మేడమే.

సారు అప్పటికే కారులో భూపాలపల్లి చేరుకున్నారు. దుప్పటి తీసి పటం మేకుకు తగిలించేసరికి మేడం లోపలికొచ్చారు. ఆమె కూడా ఒకప్పుడు నర్సే. "సర్టిఫికెట్ చూడండి మేడం" అని సారు చెయ్యి చూపించారు. మేడం కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు.

"యజమానులకు మనవి. డాక్టరు రాసిన మందు నర్సు ఇస్తుంది, మందు తానే రాయదు. ఫోన్‌లో చెప్పిన మోతాదు కింద డాక్టరు సంతకం పడాలి. చదవనివాళ్లతో సూది వేయించి చదివినవాళ్ల పేరు రాయొద్దు. నర్సు ఒక మనిషి. ఒక్కచోటే ఉంటుంది."

వరండాలో తెల్ల బూట్లు ఒక్కొక్కటే విప్పుకుంటున్న చప్పుడు. అక్కడి ఆయమ్మ చీపురు అందుకుంది.

"మంచిగ రాసిన్రు" అన్నారు మేడం. "యజమానులకు చెప్పేది యజమానే గోడకు పెట్టుకున్న దవాఖానను నేను గిదే మొదలు చూసుడు. మరి రాసిన నర్సేది?"

నర్సులను చూపించేదాకా పేషెంట్లను చేర్చుకోవద్దని రాసిచ్చి వెళ్లారు. జీపు కదలగానే సారు నా మీద పడ్డారు.

"కాగితం ఏమైంది? ఆమె మీద దొంగతనం కేసు పెడ్త."

"ఆమె తియ్యలే సార్. నేనే ఇచ్చిన."

మర్నాటి నుంచి నాకు ఆ కొలువు లేదు.

మోకాలు సలుపుతోంది, ఇక చెప్పేస్తాను. దారిచ్చిన జీపు నిజం, అవ్వ నిజం. పరకాలలో నాలో లేచిన మనిషే కల్పన. అక్కడ నేను చేసింది చాయ్ తాగడం, రెండు మిర్చి బజ్జీలు తినడం. తిరిగొచ్చేసరికి ఆమె సీటు మీద తెల్ల బూట్లున్నాయి, పటం దుప్పటి కింద ఎప్పట్లాగే ఉంది. "ఆమె వెనక బస్సుల వస్తదంట" అన్నాడు డ్రైవరు. నేను చెల్పూర్ దాకా నిద్రపోయాను, ఆ మత్తులోనే పటం వైపు చూడకుండా మేకుకు తగిలించాను. ఆ కాగితంలో ఏముందో మేడం చదువుతుంటేనే నాకూ తెలిసింది. కేసు అనే మాట వినబడేసరికి "నేనే ఇచ్చిన" అని నోటికొచ్చింది. అప్పట్నుంచి అందరికీ అదే చెబుతున్నాను.

ఆమె ఇప్పుడు సర్కారు దవాఖానలో నర్సు. ఈమధ్య ఫోన్ చేసింది.

"అన్నా, పరకాలల నువ్వే నన్ను బస్సెక్కిచ్చినవంట గద. నాకైతే యాదికి లేదు."

"నిద్రల ఉన్నవేమో చెల్లె" అన్నాను.

అవతల చాలాసేపు నవ్వు. ఆ రోజు నిద్రపోయింది ఎవరో డ్రైవరు ఆమెకు ఎప్పుడో చెప్పే ఉంటాడు.