ఎదురుగాలిలో నా వంతు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి అయిపోయిన వేసవిలో, నా చదువంతా ఒక సైకిలు మీద ఆధారపడింది. సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊళ్లో హైస్కూలు లేదు. కోడూరు వెళ్లాలి, బస్సేమో వస్తే వచ్చినట్టు. ఆడపిల్ల దారిలో ఆగిపోతే ఎవరు చూస్తారని నాన్న భయం. చివరికి ఆ భారం మావయ్య నెత్తిన పెట్టాడు. మావయ్య ఒకసారి నాతో సైకిలు తొక్కించి కోడూరు తీసుకెళ్లి తీసుకొచ్చి సరేనంటే బడి, లేదంటే అంతటితో ఆఖరు.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, సైకిలు మీద ఊరూరా తిరిగి చేపలు అమ్మేవాడు. ఎండ చల్లబడ్డాక ఆయన తన సైకిలు, నేను నాన్న సైకిలు తీసుకుని బయల్దేరాం. సీటు అందదు కనక కడ్డీ సందులోంచి కాలు దూర్చి తొక్కేదాన్ని.

సరుగుడు తోటలు దాటి కాలవ గట్టెక్కేసరికి సైకిలు దానంతటదే పరుగెత్తింది. వరిచేలు చేపల చెరువులుగా మారుతున్న రోజులవి. చెరువులు, తాటిచెట్లు, గట్ల మీద కొంగలు ఇట్టే వెనక్కి వెళ్లిపోయాయి. నా అంతటిది లేదనుకున్నాను. "ఏంటి మావయ్యా, అప్పుడే ముసలోడివైపోయావా?" అని అరిచాను కూడా. ఆయన నవ్వాడు. కోడూరులో కూర్చోబెట్టి తాటిముంజెలు తినిపించాడు.

తిరుగు దారిలో తెలిసింది, ఇందాకటి గొప్ప నాది కాదు, సముద్రం మీంచి వీచే పైరగాలిది. ఇప్పుడది మొహాన కొడుతోంది. పరికిణీ కాళ్లకు చుట్టుకుంటోంది. కాస్త దూరానికే దిగిపోయి, ఇక నా చదువు అయిపోయిందని గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

మావయ్య ఓదార్చలేదు. "మేం చేపలోళ్లం రోజూ ఈ గాలికి ఎదురే ఇంటికొస్తామమ్మా. ఒకడెనకాల ఒకడొస్తాం. ముందోడు ఎనకోడికి గాలి కాస్తాడు, తగలనివ్వడు. కల్వర్టు రాగానే ఆడు ఎనక్కి, ఎనకోడు ముందుకి. లే, నా చక్రం వదలకుండా రా" అన్నాడు. ఆయన వీపు చాటున నిజంగానే గాలి తగ్గింది.

కల్వర్టు రాగానే పక్కకి తప్పుకుని, "ఇంక నీ వంతు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పదేళ్ల పిల్ల వెనక అంత మనిషి ఎక్కడ దాక్కుంటాడు? అయినా తొక్కాను. సైకిలు నత్తలా కదిలింది. వెనక నుంచి మావయ్య, "హమ్మయ్య, ఎంత సుఖంగా ఉందో!" అన్నాడు. అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధానికే కాళ్లలోకి బలం వచ్చింది. అలా కల్వర్టు కల్వర్టుకీ మారుతూ ఇల్లు చేరాం.

వాకిట్లోనే నాన్న ఎలా తొక్కిందని అడిగాడు.

"దారిలో ఒకసారి ఆగింది బావా. కానీ సగం దారి నాకు గాలి కాసింది. పంపించు" అన్నాడు మావయ్య.

ఆ చదువుతోనే నర్సునయ్యాను. ఇప్పుడు తల నెరుస్తోంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల సూది పట్టుకుని ముందుకి కదలకపోతే, మొదటి మంచం దగ్గర నేను చేసి చూపిస్తాను. రెండో మంచం దగ్గర తననే ముందు నిలబెట్టి, వెనక నుంచి, "నువ్వుండబట్టి నాకు ఎంత తేలికగా ఉందో" అంటాను. అన్న ప్రతిసారీ నాకు నిజంగానే కాస్త తేలికవుతుంది. మావయ్య ఆ రోజు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు.