పట్టేసిన గేర్‌బాక్సు, మా కోదాడ మామ

నా చిన్నప్పుడు వేములపల్లిలో మా ఇంటి ముందర ఒక పాత కారుండేది. మా బాపు దాన్ని కిరాయికి తిప్పేవాడు. ఊర్లో ఇంకెవరికీ కారు లేదు గనక మిర్యాలగూడకు పెండ్లికి పోవాలన్నా, సూర్యాపేట దవాఖానకు పోవాలన్నా అందరూ మా ఇంటికే వచ్చేవాళ్లు. నాకైతే ఆ గర్వం ఇంతా అంతా కాదు. ముందు సీటు నాదేనని బడిలో చెప్పుకుని తిరిగేదాన్ని.

ఆ ఏడు నాట్లప్పుడు మా చిన్నమ్మ కాన్పుకు వచ్చింది. అమ్మమ్మ పోయింది గనక ఆమెకు పుట్టిల్లన్నా మా ఇల్లే. కడుపులో బిడ్డ అడ్డంగా ఉందని, నొప్పులు మొదలవ్వగానే సూర్యాపేటకు తీసుకురావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కారుంది కదా, పూచీ నాదన్నాడు బాపు. పాడుగాను, సరిగ్గా అప్పుడే ఆ కారు క్లచ్ కాలిపోయింది.

కొత్త క్లచ్ ప్లేటు మిర్యాలగూడలో దొరికింది. బాపు బండిపని తెలిసినవాడే, బోల్టులన్నీ తనే విప్పాడు. గేర్‌బాక్సు వెనక్కి జరిగితేగానీ పాత ప్లేటు బయటికి రాదు. అదేమో ఇంజన్‌ను కరుచుకుని కూర్చుంది. ఇగ మా వాడవాళ్లు ఊరుకుంటారా! దమ్ము చేసిన మడిలో ట్రాక్టర్ దిగబడితే లాగే మోకు తెచ్చి, గేర్‌బాక్సుకు కట్టి, అందరూ ఒక్క ఊపున గుంజుడు మొదలుపెట్టారు. కారంతా ఊగింది గానీ అది ఇంచు జరగలేదు. బాపుకు పిచ్చి లేచి పెద్ద సుత్తె అందుకున్నాడు. అడ్డం పోయిన అమ్మను కసిరాడు. ఆ దెబ్బ పడి ఉంటే గేర్‌బాక్సు పగిలి, బండి మూలన పడేదే.

అప్పుడే కోదాడ బస్సు దిగి వచ్చాడు మా మామ, మా అమ్మకు అన్న. లారీల షెడ్డులో పని ఆయనది. చెల్లెల్ని చూసి పోదామని వచ్చిన మనిషి, వాకిట్లో సంగతంతా చూశాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. బాపు పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా అన్నాడు.

"బావా, బండి కాకపోతే నేను పోయి జీపు పట్టుకొస్తా. చెల్లిని దవాఖానకు చేర్చే పూచీ ఇయ్యాల్టి నుంచి నాది. నువ్వు జర చాయ్ తాగు."

బాపు సుత్తె కింద పెట్టి, అందరి ముందే కండ్లు తుడుచుకున్నాడు. అప్పటిదాకా ఆయనకు కోపమొచ్చిందనుకున్నాను. భయపడ్డాడని అప్పుడు తెలిసింది.

మామ మోకు విప్పించాడు. జాకీ మీద గోనెసంచి మడిచి పెట్టి, గేర్‌బాక్సును కింది నుంచి కొంచెం కొంచెంగా ఎత్తాడు. జారితే పగలకుండా మిల్లు నుంచి ఊక బస్తాలు తెప్పించి చుట్టూ వేయించాడు. పట్టేసిన చోట కిరసనాయిలు పోసి, దాన్ని నాననిచ్చి, అటూ ఇటూ మెల్లగా కదిపాడు.

"గుంజితే రాదు బావా. దీని బరువంతా లోపలి కడ్డీ మీద వేలాడుతోంది. ముందు ఆ బరువు మనం మోస్తే అదే వదులుద్ది."

నిజంగానే వదిలింది. సొరుగు లాగినట్టు వెనక్కి జరిగింది. మోకు పట్టుకున్నవాళ్లంతా నోళ్లు తెరిచి చూశారు. ఏం మనిషి మా మామ! ఇనుము సంగతి సరే, మా బాపు సంగతి ఆయనకెట్లా తెలిసిందా అని నేనిప్పటికీ అబ్బురపడతాను. కొత్త ప్లేటు బిగించాక, నొప్పులు మొదలవ్వగానే ఆ కారులోనే చిన్నమ్మను సూర్యాపేట తీసుకుపోయాం. తల్లీబిడ్డా సల్లగా ఇంటికొచ్చారు.

మొన్న నా మనవరాలు పరీక్ష తప్పి, గదిలో గడియ పెట్టుకుంది. నా కొడుకు ఒకటే తలుపు బాదుతున్నాడు. వాణ్ణి పక్కకు జరిపి, తలుపుకు దగ్గరగా నిలబడి, "బిడ్డా, నిన్ను ఎవరూ ఏమీ అనరు. అందరికీ నేను చెప్పుకుంటా. నువ్వు భయపడకు" అన్నాను. కాసేపటికి గడియ తీసింది. దానికంటే ముందు నా కొడుకు ఏడ్చాడు.